ఎనిమిది అడుగులు

మూడేళ్ల వయసులో నా ఎడమకాలు పోలియో పాలైంది. కాలైతే ఉంది గానీ నా మాట సగమే వింటుంది. నేను నడుస్తుంటే కుడి అడుగు గట్టిగా పడుతుంది, ఎడమది నేలను రాసుకుంటూ వెనకాల వస్తుంది. చిన్నప్పుడు నేను బడి నుంచి వచ్చి సందు మలుపు తిరగ్గానే వంటింట్లో ఉన్న మా అమ్మ "ఇందు వస్తోంది, కంచం పెట్టండి" అనేది. మనిషి కనపడకముందే, నోరు విప్పకముందే, నేనెవరో అందరికీ తెలిసిపోయేది. కుంటిదని ఏడిపించినవాళ్లు కూడా నన్ను ఇంకొకరనుకుని పొరబడింది ఎప్పుడూ లేదు.

నడకను గుర్తుపట్టే యంత్రం తయారు చేయాలన్న ఆలోచన నాకు అక్కడినుంచే వచ్చింది. ముఖానికి మాస్కు తగిలించుకోవచ్చు, వేలిముద్రకు జిగురుతో అచ్చు తీయొచ్చు, నడకను మాత్రం ఎవరు అరువు తెచ్చుకుంటారు? యాభై ఏళ్లుగా నా నడక మారలేదు కాబట్టి లోకంలో ఎవరి నడకా మారదని ధీమాగా నమ్మాను. ఇంత చదువూ చదివి నేను చేసిన ఘనకార్యం అది. దానివల్ల ఒక పిల్ల బతుకు ఏమైందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మాది హనుమకొండ ఊరి బయట ఒక ఇంజినీరింగ్ కాలేజీ. ఆరేళ్లు కష్టపడి మెయిన్ గేటు లోపల ఆరు మీటర్ల నల్లటి రబ్బరు పట్టీ పరిపించాను. దాని కింద పొర నిండా ఆవగింజంత సెన్సర్లు. మనిషి దాని మీద ఎనిమిది అడుగులు వేస్తే చాలు. మడమ ఎంత బరువుతో ఆనింది, వేళ్లు ఎప్పుడు లేచాయి, ఏ పక్కకి ఒరిగాడు, అన్నీ చూసి యంత్రం మనిషిని పోల్చుకుంటుంది. అవతలి చివర పచ్చదీపం వెలిగి, స్క్రీను మీద పేరు పడితే ఆ రోజుకి హాజరైనట్టు. తెలియని నడకైతే ఎర్రదీపం. అప్పుడు కాపలా మనిషి ఐడీ కార్డు చూసి లోపలికి వదులుతాడు గానీ హాజరు పడదు.

పిల్లలు దానికి అత్తమ్మ అని పేరు పెట్టారు. నడిచి వస్తుంటే పై నుంచి కిందికి చూసి ఓ తీర్పు చెప్పేస్తుందట. నాకు కోపం రాలేదు సరికదా, లోలోపల మురిసిపోయాను.

ఇంకో ముచ్చట కూడా తీర్చుకున్నాను. క్లాసులు ఎగ్గొట్టిన పిల్లల ఇళ్లకి వేరే కాలేజీలు మెసేజీలు పంపుతాయి. మా పిల్లల తల్లిదండ్రుల్లో చాలామందికి చదువు రాదు. అందుకని నేను మెసేజీ తీసేసి ఫోను పెట్టించాను. పొద్దున తొమ్మిదిన్నరకి యంత్రమే ఫోను చేసి చక్కటి తెలుగులో "మీ అబ్బాయి ఫలానా ఈ రోజు కళాశాలకు రాలేదు" అని చెబుతుంది. వరసగా కొన్నాళ్లు రాని పిల్ల గానీ పిల్లాడు గానీ మళ్లీ వచ్చిన రోజున, ఇంట్లోవాళ్ల మనసు కుదుటపడాలని, వచ్చిన సంగతి కూడా అప్పటికప్పుడే చెబుతుంది. ఆ గొంతు నాదే. స్టూడియోకి వెళ్లి మరీ చదివి వచ్చాను.

యంత్రానికి పిల్లల నడకలు నేర్పేది ఫస్టియర్ మొదటి వారంలో. ఒక్కొక్కరూ పట్టీ మీద ముప్పైసార్లు అటూ ఇటూ నడవాలి. ఆ మొదటి వారం మా కాలేజీలో ఎలా ఉంటుందో నాకు తెలియనిది కాదు. ర్యాగింగ్ నిషేధం అని బోర్డులుంటాయి. ఆ బోర్డుల కిందే ఫస్టియర్ పిల్లలు గోడ వారగా, వరసగా, తల వంచుకుని, చూపు తమ చొక్కా మూడో గుండీ మీద నిలిపి నడుస్తారు. సీనియర్ ఎవరైనా ఎదురైతే ఆ గుండీ మీంచి కన్ను కదలకూడదు. ఎప్పటినుంచో ఉన్న ఆచారం, ఎవరూ నోటితో చెప్పరు, అందరూ పాటిస్తారు. అంటే నా యంత్రం ప్రతి బ్యాచ్‌నీ బెదిరిపోయి ఉన్నప్పుడే చూసి, ఆ బెదురునే వాళ్ల నడక అనుకునేది.

దానికీ నా దగ్గర మందు ఉందనుకున్నాను. యంత్రం రోజూ కొంచెం కొంచెం నేర్చుకుంటుంది. భయం నెమ్మదిగా వదిలేకొద్దీ నడక నెమ్మదిగా మారుతుంది, అత్తమ్మ కూడా నెమ్మదిగా సర్దుకుంటుంది. రెండు నెలల్లో అందరూ తలెత్తుకు నడుస్తారు, ఎవరికీ ఏ ఇబ్బందీ రాదు.

ఒక్కరికి మాత్రం ఆ భయం రెండేళ్లయినా వదల్లేదు.

దూస గంగాధర్, సిరిసిల్ల, రోల్ నంబరు నలభై ఏడు. తండ్రి రాజేశం సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే కార్మికుడు. నా క్లాసులో రెండేళ్లు చివరి బెంచీ మీద కూర్చున్న ఆ మొహం నాకు సరిగా గుర్తు కూడా ఉండేది కాదు. అందరూ మూడో గుండీని ఎప్పుడో మరిచిపోయారు. గంగాధర్ మాత్రం సెకండియర్ అయిపోయేదాకా దాన్నే చూస్తూ నడిచాడు.

ఇలా రాయడం ఇక్కడితో ఆపేస్తాను. ఆ పిల్ల పేరు గంగ. ఆ పేరుతో పిలిపించుకున్నంత కాలమే ఆమె తనలా ఉంది. నేనూ అలాగే రాస్తాను.

ఆ సంగతి నాకు తెలిసింది సుమయ్య వల్ల. గంగ కన్నా ఏడాది పెద్ద, సివిల్ బ్రాంచి, ఎవరికీ జంకని పిల్ల. ఒక రోజు నా ల్యాబుకి వచ్చి పై అంతస్తులో డ్రాయింగ్ హాలు తాళం అడిగింది. బుధవారం సాయంత్రాలు కావాలంది.

"ఏం చేస్తారక్కడ?"

"ఏం చేయం మేడమ్. కూసుంటం."

"కూర్చోడానికి తాళం దేనికి?"

"తాళం ఉంటెనే కూసోగలుగుతం మేడమ్" అంది.

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. తాళం ఇచ్చేశాను.

ఏడుగురు వచ్చేవాళ్లు. ఎత్తు స్టూళ్ల మీద కూర్చుని మరమరాలు తింటూ, ఫ్లాస్కులో టీ పంచుకుంటూ కబుర్లు చెప్పుకునేవాళ్లు. ఖమ్మం పిల్లాడు జోయెల్ ఉండేవాడు. ఇంట్లో, రికార్డుల్లో అతను జ్యోతి. అమ్మాయినని చెప్పుకోలేనివాళ్లు, అబ్బాయిననిపించనివాళ్లు, ఏదీ కాదనుకునేవాళ్లు, ఇంకా ఏదో తేలనివాళ్లు. వాళ్లకో అలవాటుండేది. ముందుగా సుమయ్య ఓ నోట్‌బుక్ తెరిచి హాజరు పిలిచేది. రికార్డుల్లో పేర్లు కాదు, ఎవరికి వాళ్లు పెట్టుకున్న పేర్లు. పిలిచిన పేరుకి ప్రెజెంట్ అనాలి. గంట సేపూ ఆ పేరే.

గంగ నాలుగు బుధవారాలు వచ్చి నోరు మెదపకుండా కూర్చుందట. అయిదో బుధవారం సుమయ్య ఆరు పేర్లూ పిలిచి, ఎప్పటిలాగే "ఇంకెవరన్న ఉన్నరా?" అని అడిగింది. అప్పుడే నేను వాళ్లకి బిస్కెట్లు పట్టుకుని మెట్లెక్కి గుమ్మంలోకి వచ్చాను.

"గంగ" అంది చివరి స్టూలు మీది నుంచి ఒక గొంతు.

"గంగా?" అని పిలిచింది సుమయ్య.

"ప్రెజెంట్" అని, మరుక్షణం ఆ పిల్ల రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. జోయెల్ లేచి వెళ్లి పక్కన నిలబడ్డాడు. ఎవరూ ఊరుకోబెట్టలేదు, ఏడవనిచ్చారు. తరవాత మరమరాల గిన్నె ముందుకు జరిపారు.

నేను ఇబ్బందిగా "చెప్పకుండా వచ్చేశాను, తలుపు కొట్టాల్సింది" అన్నాను.

"కొట్టక్కర్లేదు మేడమ్" అంది సుమయ్య. "వేరేటోళ్ల అడుగులినిపిస్తె గాజులు, చున్నీలు అన్నీ బ్యాగుల్ల పడేస్తం. మీ అడుగు మాకు తెల్సు గద. మీరొస్తుంటె ఏం దాచం."

నా జీవితంలో నా కుంటికాలికి దక్కిన అతి పెద్ద మర్యాద అది. ఆ రాత్రి చాలాసేపు ఆనందంగా ఉన్నాను.

థర్డియర్ మొదలయ్యాక గంగ మారడం నేను కళ్లారా చూశాను. క్లాసులో ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకోవడం మానేసింది. దసరా సెలవులకి ముందు రోజు కాలేజీలో బతుకమ్మ ఆడతారు. ఎప్పుడూ దూరంగా స్తంభం పక్కన నిలబడి చూసే గంగని ఆ రోజు సుమయ్య చెయ్యి పట్టి వలయంలోకి లాగింది. మొదట తడబడింది. తర్వాత వంగి చప్పట్లు కొట్టి, లేచి, పక్కకి అడుగువేసి, మళ్లీ వంగి, రెండు చుట్లు తిరిగేసరికి నలుగురిలో కలిసిపోయింది. నేను కుర్చీలో కూర్చుని చూస్తున్నాను. నడకల మీద ఆరేళ్లు పరిశోధన చేసినదాన్ని. ఒక మనిషి తన ఒంట్లోకి తాను వచ్చి చేరడం అలా కళ్ల ముందు ఎప్పుడూ చూడలేదు.

సెలవులకి గంగ ఇంటికి వెళ్లలేదు. ప్రాజెక్టు పనుందని చెప్పి పది రోజులూ సుమయ్య వాళ్లింట్లో ఉంది. సుమయ్య తల్లి ఏ ప్రశ్నా వేయకుండా ఇద్దరికీ ఒకేలా జడలు వేసిందట, గంగ జుట్టు భుజాల దాకా కూడా లేకపోయినా.

కాలేజీ తెరిచాక మూడో రోజున గంగ నా ల్యాబుకి వచ్చింది.

"మేడమ్, అత్తమ్మ నన్ను ఒప్పుకుంటలేదు" అంది నవ్వుతూ. "మూడు రోజులసంది ఎర్రలైటే."

నేను యంత్రం లోపలి ఫైళ్లు తెరిచాను. అపరిచితులు అనే అరలో మూడు ఉదయాలు, ఎనిమిది నలభైకి, ఒకే మనిషి నడక. పాదాల గుర్తులు స్క్రీను మీద చూశాను. మడమ నిబ్బరంగా ఆనింది, నడుము సులువుగా తిరిగింది, చూపు ఎదురుగా ఉంటే తప్ప బరువు అలా పడదు. గంగాధర్ పేరుతో ఉన్న పాత నడక పక్కన పెట్టి చూశాను. రెండూ ఒక మనిషివంటే నేనే నమ్మను. నడక పది రోజుల్లో, పట్టీకి దూరంగా, ఒక్కసారిగా మారిపోయింది. కొంచెం కొంచెం నేర్చుకునే యంత్రానికి నేర్చుకునే సందే దొరకలేదు.

మళ్లీ నమోదు చేయడానికి రెండే దారులు. ఒకటి తండ్రి సంతకంతో దరఖాస్తు. రెండోది నా పాస్‌వర్డ్. నేను చేత్తో దిద్దితే అయిదు నిమిషాల పని. కానీ పదిహేను రోజుల్లో యంత్రాన్ని చూడటానికి నిపుణుల బృందం వస్తోంది. మనిషి చెయ్యి పెట్టకుండా ఒక సెమిస్టరంతా నడిచిన యంత్రం అని నేను వాళ్లకి రాసి పంపాను. ఒక్క దిద్దుబాటున్నా ఆ మాట అబద్ధమవుతుంది.

"వాళ్లు వచ్చి వెళ్లేదాకా ఓపిక పట్టు గంగా" అన్నాను. "పోయిన హాజరంతా ఒక్క కాగితంతో నేను కలిపిస్తాను."

"మరి ఇంటికి ఫోన్ పోతది గద మేడమ్?"

"మీ నాన్న ఆ టైముకి సాంచాల దగ్గర ఉంటాడన్నావు. ఆ మోతలో ఫోనేం వినిపిస్తుంది?"

"అది నిజమే. పక్కన నిలవడి మాట్లాడినా బాపుకు ఇనవడది" అని గంగ నవ్వేసింది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మొహాన నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. నాకో గొప్ప ఉపాయం తట్టింది. "పోనీ, గేటు దగ్గర ఆ ఎనిమిది అడుగులూ పాత నడక నడిచెయ్. తర్వాత నీ ఇష్టం" అన్నాను.

సాయంత్రం అందరూ వెళ్లాక గేటు దగ్గర ప్రయత్నించాం. గంగ తల వంచింది, భుజాలు ముడిచింది, మూడో గుండీ వైపు చూసింది. ఎర్రదీపం. మళ్లీ నడిచింది. ఎర్రదీపమే. అభినయానికీ భయానికీ తేడా కనిపెట్టేంత తెలివైన యంత్రాన్ని తయారు చేసినందుకు నన్ను మెచ్చుకోవాలి మరి. నాలుగోసారికి పట్టీ మధ్యలో ఆగిపోయింది.

"వస్తలేదు మేడమ్. అట్ల నడవాల్నంటె ఆ దినాలన్నీ యాది చేసుకోవాలె. యాది చేసుకుంటె కాళ్లు వణుకుతున్నయి."

"సరే, వద్దులే" అన్నాను. అలా అడగడమే తప్పని అప్పుడు కూడా నాకు తట్టలేదు. పదిహేను రోజులే కదా అనుకున్నాను.

మొత్తం పదకొండు ఉదయాలు గంగ ఎర్రదీపం మీదుగా కాలేజీకి వచ్చింది. అందరికన్నా ముందు వచ్చేది. స్టూడెంట్ సెమినార్‌లో మాట్లాడింది. బుధవారాల గుంపులోకి భయంభయంగా వచ్చిన ఒక ఫస్టియర్ పిల్లకి తన దగ్గర స్టూలు జరిపి చోటిచ్చింది. యంత్రం లెక్కలో ఆమె ఆ రోజుల్లో లేదు.

పదకొండో రోజు బుధవారం. సాయంత్రం నాలుగున్నరకి నా ల్యాబు గుమ్మంలో ఒకాయన నిలబడ్డాడు. యాభై ఏళ్లుంటాయి. చొక్కా మీద, కనుబొమల మీద దూది నూగు. చేతిలో ఐడీ కార్డు జిరాక్స్.

"నమస్తె మేడమ్. నేను గంగాధర్ బాపును. రాజేశం. సిరిసిల్ల" అన్నాడు గట్టిగా. సాంచాల దగ్గర పని చేసేవాళ్లంతా అంత గట్టిగానే మాట్లాడతారట. "మావోడు కాలేజ్‌కు వస్తలేడంట. యాడ తిరుగుతున్నడో ఎర్కేనా మీకు?"

"మీకెవరు చెప్పారు?"

"రోజు ఫోనొస్తది గద మేడమ్. తొమ్మిదిన్నరకు. మొదటి దినం ఇనవడలె. ఎవలో ఆడమనిషి మాట్లాడుతున్నదని సాంచ బందువెట్టి బయటికొచ్చి ఇన్న. అప్పటిసంది రోజు బందువెట్టి ఇంటున్న. పొద్దూకినంక వానికి జేస్తె, పోయిన బాపూ అంటడు. పదకొండు దినాలు. ఒక్కనాడన్న నిజం చెప్తడేమోనని చూసిన. వాడెన్నడు నాతోటి అబద్ధమాడలె మేడమ్."

"అబద్ధం కాదు" అన్నాను. "రోజూ వస్తున్నాడు. యంత్రం తప్పు అది."

ఆయన నమ్మలేదు. "మిషిని ఎందుకు తప్పు చెప్తది మేడమ్? నన్ను సముదాయించకుండ్రి. పోరడు ఏమన్న చేసుకున్నడా? బతికున్నడా?"

బిడ్డ బతికున్నాడా అని అడుగుతున్న మనిషి ముందు నేనేం ఆలోచించగలను? ఆలోచించాల్సింది. ఒక్క నిమిషం కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, పైన హాల్లో ఉన్న సుమయ్యకి ఫోను చేయాల్సింది. నాకు ఆ క్షణాన ఒకటే తోచింది. ఆ పిల్ల రోజూ కాలేజీకి వచ్చిందనీ, అబద్ధం ఆడలేదనీ రుజువు చేయాలి. "రండి, ఇక్కడే ఉన్నాడు, నేను చూపిస్తాను" అని లేచాను.

మెట్లెక్కుతున్నాం. నా కుడి అడుగు గట్టిగా, ఎడమది రాసుకుంటూ. వెనకాల ఆయన అరిగిపోయిన చెప్పులు చప్పుడే చేయలేదు. డ్రాయింగ్ హాలులోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. నా అడుగు విన్నా ఆ నవ్వులు ఆగలేదు. విన్నారు కాబట్టే ఆగలేదు.

తలుపు తీశాను.

గంగ నడి హాల్లో ఉంది. సుమయ్య చున్నీ వేసుకుని, చేతికి రెండు గాజులతో, ఫస్టియర్ పిల్లకి బతుకమ్మ అడుగు నేర్పుతోంది. వంగి చప్పట్లు కొట్టి, లేచి, పక్కకి ఒక అడుగు. వీపు మావైపు ఉంది.

రాజేశం గుమ్మంలో నిలబడి హాలంతా కలియజూశాడు. ఆయన చూపు గంగ మీంచి వెళ్లి, జోయెల్ మీంచి వెళ్లి, మళ్లీ గంగ మీదకి వచ్చి, దాటిపోయింది. నా వైపు తిరిగి, "ఏడి మేడమ్ మావోడు?" అన్నాడు.

ఆ గట్టి గొంతుకి గంగ తిరిగింది.

"బాపూ" అంది.

ఆయన ఆ మొహం వైపు ఎంతసేపు చూశాడో నాకు తెలియదు. కొట్టలేదు, తిట్టలేదు. గోడ పట్టుకున్నాడు. చివరికి, ఆయన ఎప్పుడూ మాట్లాడనంత మెల్లగా, "పా ఇంటికి" అన్నాడు.

"బాపూ, నేను రోజు కాలేజ్‌కు వచ్చిన. ఒట్టు. వీళ్లందర్ని అడుగు."

"నిన్ను కన్నోన్ని నేను. నడుస్తుంటె ఎన్కనుంచి ఎవలో ఆడివిల్ల అనుకున్న" అన్నాడాయన. "ఇగ ఏం అడగాలె కొడుకా? మీ అవ్వకు నేనేం చెప్పాలె? పా."

సుమయ్య ముందుకొచ్చింది. "అంకుల్, ఒక్క మాట ఇనుండ్రి. గంగ మా దగ్గర మస్తు సంతోషంగ ఉంటది. మీరు గుస్సా కాకుండ్రి, కూసోండ్రి."

"ఉంటది" అన్న మాట దగ్గరే ఆయన చెవులు మూసుకున్నట్టున్నాడు. గంగ గాజులు తీసి స్టూలు మీద పెట్టింది, చున్నీ మడిచి సుమయ్య చేతికిచ్చింది. తండ్రి వెనక నడిచింది. మెట్లు దిగేటప్పుడు చూశాను. తల ఇంకా పూర్తిగా వంగలేదు.

హాల్లో ఫస్టియర్ పిల్ల వెక్కివెక్కి ఏడుస్తోంది. నేను ఏదో చెప్పబోయాను.

"మీ అడుగు విన్నం మేడమ్" అంది సుమయ్య నా వైపు చూడకుండా. "అందుకే ఏం దాచలె."

ఆ సాయంత్రమే నేను పాస్‌వర్డ్ కొట్టాను. అపరిచితులు అరలో ఉన్న పదకొండు ఉదయాల నడకనీ బయటికి తీసి గంగ అనే పేరుతో నమోదు చేశాను; గంగాధర్ పేరుతో ఉన్న పాత నడకని మాత్రం తీసేయలేదు. యంత్రం ఫోనులో చెప్పే పేర్ల జాబితాలోనూ గంగ పేరు చేర్చాను. అయిదు నిమిషాలు పట్టింది. నిపుణుల బృందం చెప్పిన రోజుకి వచ్చింది. ఒక దిద్దుబాటు జరిగిందని నేనే చెప్పాను. వాళ్లలో పెద్దాయన "ఒక్కటే కదా, అలాంటివి ఉంటాయి" అంటూ తలెత్తకుండా టీ తాగాడు. నేను ఆ పిల్లని పణంగా పెట్టి కాపాడింది ఆ పాటిది.

గంగ ఫోను పనిచేయలేదు. సుమయ్యా జోయెలూ బస్సెక్కి సిరిసిల్ల వెళ్లి వచ్చారు. తల్లి గుమ్మంలోనే నీళ్లిచ్చిందట, లోపలికి రమ్మనలేదట. గంగ మేనమామ ఇంట్లో ఉందని మాత్రం చెప్పిందట. నేను రెండు ఉత్తరాలు రాశాను, చదివిపెట్టే మనిషి ఎవరో తెలియకుండానే. జవాబు రాలేదు.

కొత్త నమోదు సంగతి పిల్లలకి చెప్పాను. గంగ ఎప్పుడొచ్చినా ఆమె నడకకే పచ్చదీపం వెలుగుతుంది, స్క్రీను మీద ఆమె పేరే పడుతుంది అని. అప్పటినుంచి రోజూ ఎనిమిది నలభైకి ఇద్దరో ముగ్గురో పట్టీ అవతలి చివర నిలబడేవాళ్లు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

నెల దాటాక ఒక సోమవారం రాజేశం వచ్చాడు. టి.సి. కోసం. కాగితం తీసుకోవాలంటే విద్యార్థి స్వయంగా సంతకం పెట్టాలి కాబట్టి గంగనీ తెచ్చాడు.

నేను గేటు దగ్గరే ఉన్నాను. ముందు పోల్చుకోలేకపోయాను. జుట్టు మొదలంటా కత్తిరించేశారు. మెడ దాకా గుండీలు పెట్టిన ఫుల్‌హ్యాండ్స్ చొక్కా. చెంపలు లోపలికి పోయాయి. సుమయ్య "గంగా!" అని ఒక్క కేక వేసి, అవతలి చివర నిలబడిపోయింది. పక్కన జోయెల్, ఇంకో ఇద్దరు. అందరూ దీపం వైపు చూస్తున్నారు.

"నడువు" అన్నాడు తండ్రి.

గంగ పట్టీ మీదకి ఎక్కింది. తల వంగింది. భుజాలు ముడుచుకున్నాయి. చూపు మూడో గుండీ మీద నిలిచింది. ఆ రోజు సాయంత్రం నాలుగుసార్లు ప్రయత్నించినా రాని నడక ఇప్పుడు ఎవరూ అడగకుండానే వచ్చింది. ఒకటి, రెండు, మూడు. నేను లోపల లెక్కపెడుతున్నాను. ఎర్రదీపం వెలగాలని, దేవుడా, ఎర్రదీపమే వెలగాలని మొక్కుకున్నాను.

ఎనిమిదో అడుగుకి పచ్చదీపం వెలిగింది. స్క్రీను మీద పడింది: దూస గంగాధర్, 47, హాజరు.

అప్పుడే రాజేశం జేబులో ఫోను మోగింది. ఆయనకి మామూలుగా వినపడదు కాబట్టి ఎప్పుడూ స్పీకరు మీదే ఉంచుతాడు. గేటు దగ్గర ఉన్న అందరికీ నా గొంతు, స్టూడియోలో తీరిగ్గా చదివి వచ్చిన నా గొంతు, చక్కగా వినిపించింది.

"సంతోషకరమైన వార్త. మీ అబ్బాయి దూస గంగాధర్ ఈ రోజు కళాశాలకు వచ్చాడు."

రాజేశం ఆ మాట చివరిదాకా విన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. ఆయన ఎందుకు ఏడ్చాడో నేను అడగలేదు. "ఆఫీసు యాడ మేడమ్?" అన్నాడు. చెయ్యి చూపించాను.

ఆయన నాలుగడుగులు ముందు వెళ్లాక గంగ నా దగ్గర ఒక్క క్షణం ఆగింది. కళ్లెత్తలేదు.

"ఇయ్యాల అత్తమ్మ ఒప్పుకున్నది గద మేడమ్" అంది.

సుమయ్య చెయ్యి చాపింది. గంగ ఆ చేతిని చూసింది, తండ్రి వీపుని చూసింది, నడుచుకుంటూ వెళ్లిపోయింది. పావుగంటలో కాగితం తీసుకుని పక్క గేటు గుండా బయటికి పోయారని తర్వాత తెలిసింది. అక్కడ పట్టీ లేదు.

ఇదంతా జరిగి ఏడాదైంది. నా గొంతుతో వెళ్లే ఫోన్లు ఆపించాను. మొదటి వారం నమోదు తీసేశాను. పట్టీ తీయించేద్దామని వెళితే సుమయ్య అడ్డుపడింది. చదువు అయిపోయి ఉద్యోగంలో చేరినా ప్రతి బుధవారం కాలేజీకి వస్తుంది.

"ఉండనియ్యండి మేడమ్. దాంట్ల గంగ నడక ఉన్నది. ఇంకెక్కడ లేదు."

అందుకని ఉంచాను. బుధవారాలు సాగుతున్నాయి. ఇప్పుడు పదిమంది వస్తున్నారు. అప్పటి ఫస్టియర్ పిల్లే నోట్‌బుక్ పట్టుకుని హాజరు పిలుస్తుంది. చివర్లో గంగ పేరు పిలిచి, కాసేపు ఆగి, పుస్తకం మూస్తుంది. ఆ సంగతి నాకు సుమయ్య చెప్పింది. నేను స్వయంగా వినలేదు. నేను మెట్లెక్కుతుంటే నా అడుగు చప్పుడుకి లోపల మాటలు ఆగిపోతాయి, బ్యాగుల జిప్పులు మూసుకుంటున్న చప్పుడు వినిపిస్తుంది. బిస్కెట్ల ప్యాకెట్ గుమ్మం పక్కన పెట్టి దిగి వచ్చేస్తాను.